చివరి పేజీ చదవకముందు చేసిన ఫోన్

కర్నూలులో ఒక కాలేజీ లైబ్రరీ మెట్ల మీద నిలబడి, పత్తికొండ దగ్గర పొలంలో ఉన్న నా తమ్ముడికి ఫోన్ చేసి, గొర్రెలకు ఆ కుంట నీళ్లు తాపొచ్చు, భయం లేదు అని చెప్పాను. ముప్పావు గంట తర్వాత, అదే లైబ్రరీలో ఒక పరిశోధన పత్రం చివరి పేజీ చదివి, ఆ మాట వెనక్కి తీసుకోవాలని మళ్లీ ఫోన్ తీశాను.

తమ్ముడి పొలంలో సేద్యపు కుంట ఒకటి ఉంది. అడుగున నల్ల పట్టా పరిచి, బోరు నీళ్లు నింపి టమోటాకు పారిస్తాడు. ఆ ఎండాకాలం బోరు సన్నబడింది. కుంటలో నీళ్లు మోకాలి లోతుకు దిగి, కదలిక లేక, పైన పచ్చటి మీగడ కట్టాయి. పెయింటు డబ్బా ఒలికినట్టుందని తమ్ముడు చెప్పాడు. పక్క పొలం వాళ్ల గొర్రెలు రెండు ఆ నీళ్లు తాగి మరునాటికి చచ్చిపోయాయి. నీళ్ల వల్లో, ఏదైనా పిచ్చి ఆకు మేసినందువల్లో ఎవరికీ తెలియదు. ఊళ్లో పశువుల తొట్టి అప్పటికే ఎండిపోయింది. తన మందకు తాపాలా వద్దా అన్నది తమ్ముడి ప్రశ్న. ముప్పై ఏళ్లు దినపత్రికలో పనిచేసినవాణ్ణి, ఎక్కడైనా కనుక్కుని చెబుతానని నన్ను అడిగాడు.

మొదట ఇంట్లో కూర్చుని ఫోన్‌లో వెతికాను. ఒకచోట నీళ్ల మీది ఆ పచ్చ నాచు విషమన్నారు. మరోచోట అలాంటి నాచునే పొడి చేసి బలానికి తినమన్నారు. వార్త అయితే ఇంకొకరిని అడిగి ఖాయం చేసుకుంటాం. ఇక్కడ ఎవర్ని అడగాలో తెలియక ఆ లైబ్రరీకి వెళ్లాను.

లైబ్రేరియన్ మైదుకూరు వైపు ఆవిడ, నెమ్మదస్తురాలు. నేను కేటలాగు కంప్యూటర్‌లో 'కుంట పచ్చ నీళ్లు' అని ఇంగ్లిష్‌లో కొడితే ఏమీ రాలేదు. ఆవిడ పుస్తకం పేరుతో కాకుండా విషయం పేరుతో వెతికి, నాచుల మీద ఒక పాత పాఠ్యపుస్తకం ఉన్న బీరువా అర నంబరు కాగితం మీద రాసిచ్చింది. దుమ్ము దులిపి తెరిస్తే, తమ్ముడు పంపిన ఫోటో లాంటి బొమ్మ అందులో ఉంది. దాని కింద శాస్త్రీయ నామం. ఆ పేరును పరిశోధన పత్రాల డేటాబేస్‌లో పెడితే వేలకొద్దీ వచ్చిపడ్డాయి. గొర్రెలు, కాలేయం, తాగునీరు అని ఒక్కో మాట చేర్చుకుంటూ, తోటి శాస్త్రవేత్తలు సరిచూసిన పత్రాలు మాత్రమే చూపమని గుర్తు పెట్టి, ఆవిడ ఆ వేలను ఒక్క పేజీకి దించింది. వాటిలో చాలావరకు డబ్బు కట్టిన కాలేజీలకే తెరుచుకుంటాయి. మొత్తం చదవడానికి దొరికినవాటిలో ఒకటి మాలాంటి మెట్ట ప్రాంతం గురించి. ఆవిడ దాన్ని ప్రింటు తీయడానికి లోపలికి వెళ్లింది.

నేను తెర మీదే దాని సారాంశం చదివాను. ఆ ప్రాంతపు చెరువుల్లో ఈ నాచు ఉన్నా, హాని చేసేంత విషం కనిపించలేదని అందులో ఉంది. లేచి బయటికి వచ్చి ఫోన్ చేశాను. ఆ తర్వాత వీధి చివర టీ తాగి, పాత మిత్రుడొకాయన కనిపిస్తే కాసేపు మాట్లాడాను కూడా.

పత్రికలో మాకు ఒక పద్ధతి ఉండేది. ముఖ్యమైనదంతా మొదటి పేరాలో ఉండాలి. చోటు చాలకపోతే కింది నుంచి కోసేయాలి. అలా ఎన్ని వార్తల తోకలు కోశానో లెక్క లేదు. ఏ వార్తకైనా కింది భాగం లేకపోయినా నడుస్తుందని నా కన్ను నేర్చుకుంది. పరిశోధన పత్రం సారాంశం నాకు అచ్చం మొదటి పేరాలాగే కనిపించింది.

తిరిగి లోపలికి వెళ్లేసరికి ప్రింటు కాగితాలు బల్ల మీద ఉన్నాయి. తమ్ముడికి అప్పుడే చెప్పేశానంటే, ఆవిడ ఆ కాగితాలు తీసుకుని వెనక పేజీలు తిప్పింది.

"సార్, ఆ నీళ్లు ఏ కాలంలో పట్టినారో చూసినారా?"

వానల తర్వాత, నిండు చెరువుల్లో పట్టారు. ఎండాకాలంలో లోతు తగ్గి నిలిచిపోయిన నీళ్లకు ఈ ఫలితం వర్తించదని రాసినవాళ్లే చివర స్పష్టంగా చెప్పారు. పైన మీగడ పక్కకు పోయినా విషం నీళ్లలో కరిగి ఉండొచ్చని, అది కాలేయాన్ని పట్టుకుంటుందని ఆ కిందే ఉంది.

తమ్ముడు ఫోన్ ఎత్తలేదు. నాలుగుసార్లు చేశాను. గంట మోగుతున్నంతసేపూ నా ముందు గొర్రెలే ఉన్నాయి. చివరికి వాడే చేశాడు.

"ఏంనా, ఇన్నితూర్లు చేసినావు?"

"తాపినావా?"

"తాపినాం. మన గొర్రెలు కాసే ముసలాయప్ప ఒప్పుకోలే. 'మీయన్న చదివినాడు గానీ గొర్రెలు చదవలే గదప్పా' అన్నాడు. అందుకే నేనే ముందు తాగినా. పచ్చదాన్ని పక్కకు తోసి, రెండు దోసిళ్లు."

మందను కొత్త నీళ్లకు తోలితే యజమాని ముందు తాగి చూపడం మా నాయన నాటి నుంచి ఉన్న అలవాటు. చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. మెట్ల మీద నిలబడి ఫోన్ చేసినప్పుడు అది నాకు తోచనే లేదు.

బస్సులో కోడుమూరు దాటేదాకా ఆ చివరి పేజీనే మళ్లీ మళ్లీ చదివాను. ఇంటి ముందు తమ్ముడు టమోటా పెట్టెలు సర్దుతున్నాడు. కడుపులో నొప్పి ఉందా, వాంతి వస్తోందా అని అడిగాను. కింది రెప్ప లాగి కంటి తెలుపు చూశాను.

"నాకేం గాలేదు. నీ మొగమే పాలిపోయి ఉండాది. ముందు నువ్వు కూచో" అన్నాడు నవ్వుతూ.

నవ్వలేకపోయాను. ఒక గాజు సీసా కడిగి, కుంట నీళ్లు పట్టి, ఎండ తగలకుండా నల్లగుడ్డ చుట్టి నా దగ్గర పెట్టుకున్నాను. మరుసటి రోజు మందలో రెండు గొర్రెలు పడిపోయి లేవలేదు. పశువుల డాక్టరు కోసి చూసి, కాలేయం వాచి ఉందన్నాడు. నీళ్ల వల్లేనని మాత్రం రాసివ్వలేనన్నాడు. మిగతావి మేస్తున్నాయి. కుంటను ఖాళీ చేయించాం.

తమ్ముణ్ణి కర్నూలు తీసుకొచ్చి రక్తం పరీక్ష చేయిస్తే అన్నీ సరిగానే ఉన్నాయి. మూడు వారాల తర్వాత చేయిస్తే కాలేయానికి సంబంధించిన ఒక అంకె కొంచెం పైకి పోయింది. దానికి వంద కారణాలుంటాయని డాక్టరు అన్నాడు. తమ్ముడు ఇంతవరకు నన్ను ఒక్క మాట అనలేదు. వాడు ఫోన్ చేసిన ప్రతిసారీ ఎత్తే ముందు నా వేలు ఆగుతుంది.

ఒక్కసారి కొద్దిగా తాగిన మనుషుల సంగతి ఏమిటో చెప్పే పత్రం ఒకటి ఉన్నట్టు లైబ్రేరియన్ కనిపెట్టింది. సారాంశం మాత్రమే కనిపిస్తోంది, అందులో జవాబు లేదు. మొత్తం పంపమని ఆ పత్రం రాసినవాళ్లకు ఉత్తరం పెట్టింది. జవాబు రాలేదు. సీసాలో నీళ్లకు ఆ విషం పరీక్ష చేసేచోటు మా జిల్లాలో లేదు. బయట విచారించినచోట, అన్ని రోజులు నిలవ ఉన్న నీళ్లతో కచ్చితంగా ఏమీ తేలదన్నారు. మూడో రక్తపరీక్ష వచ్చే సోమవారం.