ఫ్యాన్ కిందా, వరండాలోనా?

మా చెన్నై తెలుగు బడిలో ఫిజిక్స్ ప్రాక్టికల్ అంటే లోలకం ఊపడం, పుస్తకంలో ఉన్న విలువ ఎలాగోలా తెప్పించడం. లోలకం ఊపకుండానే తెప్పించే ఘనులూ ఉన్నారు! ఆ రికార్డులు దిద్ది దిద్ది నా తల ప్రాణం తోకకొచ్చింది. అందుకే నిరుడు పదకొండో తరగతికి చెప్పేశాను: ప్రశ్న మీదే, ప్రయోగమూ మీదే. జవాబుకు మార్కుల్లేవు, దాన్ని వెతికిన తీరుకే మార్కులు.

"ఆన్సర్ ఏడ ఉండాది మిస్?" అని ఒకటే గోల. నాకూ తెలియదు తల్లీ అంటే ఒక్కరూ నమ్మరే!

హెడ్‌మిస్ట్రెస్‌కూ ఇది నచ్చలేదు. "ఈ తమాషాలన్నీ మనకెందుకు మా? నేనే వచ్చి ఒక పిల్ల చేసేది చూస్తా. ఏమీ తేలకపోతే పాత ప్రాక్టికలే, సరియా?" అన్నారు. సరేనన్నాను గానీ లోపల ఉడికిపోయాను. అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది.

ఆవిడ వచ్చేసరికి మొదటి బల్ల దగ్గర వ్యాసర్పాడి నుంచి వచ్చే పిల్ల ఉంది. వానల్లో ఉతికిన యూనిఫాం ఫ్యాన్ కింద త్వరగా ఆరుతుందా, వరండాలోనా అని ఇంట్లో వాళ్లమ్మతో రోజూ గొడవట. అదే తన ప్రశ్న. ఒకే గుడ్డను సమానంగా చింపి, రెండు ముక్కలూ ఒకే బరువు తూగేలా తడిపి, ఒకటి ఫ్యాన్ కింద, ఒకటి వరండాలో ఆరేసింది. పొద్దున ఆరేసి ఇంకా చెమ్మగా ఉన్న వాటిని అప్పుడే తెచ్చి తూస్తోంది.

"ఏం తేలింది?" అని హెడ్‌మిస్ట్రెస్ అడిగారు.

"ఏం తేలలే మేడమ్. రెండూ ఒకటే మాదిరి ఉండాయి."

ఏదో ఒక అంకె మార్చి చెప్పకూడదా అనిపించింది ఒక్క క్షణం. ఛీ, నేనేనా ఇలా అనుకునేది!

"ఫ్యాన్ స్పీడు పెంచు. ఆ గుడ్డని ఇంకా బాగా పిండి వెయ్యి. అప్పుడు తేడా తెలుస్తాది," అన్నారు హెడ్‌మిస్ట్రెస్.

పిల్ల తల అడ్డంగా ఊపింది. "వద్దు మేడమ్. రెండూ ఒకేసారి మార్చేస్తే, దేనివల్ల ఆరిందో ఎట్టా తెలుస్తాది?"

ఆవిడ మాటకు ఎదురు చెప్పిన పిల్లను నేను ఎన్నడూ చూడలేదు. ఇక అయిపోయింది, లోలకాలు దుమ్ము దులుపుకోవాల్సిందే అనుకున్నాను.

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"సరి, పిండడం వద్దు. ఫ్యాన్ ఒకటే మారుద్దాం. మళ్లీ తడుపు."

"బెల్ కొడతారు మేడమ్."

"కొట్టనీలే."

రెండో గుడ్డ ఆవిడే తడిపారు. బెల్ కొట్టినా లేవలేదు. వెళ్లేటప్పుడు తడిచేతులు చీర చెంగుకు తుడుచుకుంటూ నా వైపు తిరిగారు.

"వచ్చే ఏటికి ఈ ఒక్క త్రాసు చాలదు మా. ఇంకోటి తెప్పిస్తా."

నాకు అక్కడికక్కడే ఎగిరి గంతెయ్యాలనిపించింది.