పుర్రచేతి అమ్మవారు

మ్యూజియంలో అందరూ ఆవిడను సూదత్త అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా కనబడదు. నాణేల ట్రేలకు లోపల మఖమల్ గుడ్డ కుట్టడం ఆవిడ పని. ఒక్కో నాణేనికి ఒక్కో గుంట, కొలతకు సరిగ్గా. ఇరవై రెండేళ్లుగా ఆ గుంటలు కుడుతూ కుడుతూ, వాటిలో కొలువుండే రోమన్ దేవతలందరితోనూ చుట్టరికం కలిపేసుకుంది.

లాటిన్ అక్షరం ముక్క రాదు. అయితేనేం? చేతిలో ఏముందో చూస్తే మనిషెవరో తెలిసిపోదా అంటుంది. తక్కెడ పట్టుకుంటే న్యాయదేవత, ఆవిడ తక్కెడమ్మ. గిన్నెతో పాముకు తినిపిస్తుంటే ఆరోగ్యదేవత, ఆవిడ పామమ్మ. విజయదేవత రెక్కలమ్మ. పడవ చుక్కాని పట్టుకున్న అదృష్టదేవత చుక్కానమ్మ. ముక్కూ మొహం అరిగిపోయిన నాణెమొచ్చినా సరే, భూతద్దం పెట్టి బట్ట మడతలు చూసి ఎవరో చెప్పేది. పాత ఆఫీసరు దాన్ని పుస్తకాల్లో సరిచూసుకుని కార్డు మీద రాసుకునేవాడు.

ఆయన రిటైరయ్యాడు, కొత్త మేడమ్ వచ్చింది. మహా పద్ధతి మనిషి. ఆవిడ నవ్వాలంటే ముందు దరఖాస్తు పెట్టుకోవాలేమో అనిపించే మొహం. వచ్చిన వారంలోనే సూదత్తను పిలిచింది.

"నాణేల గదిలో దర్జీ కూర్చోవడం నేనెక్కడా చూడలేదండీ. మీరు చెప్పినవి ఇంతవరకూ సరిపోయాయి కాబట్టి ఉండండి. ఒక్కటి తప్పని తేలినా పరదాల గదికి వెళ్లిపోవాలి. సరేనా?"

పరదాల గదంటే కిటికీ లేని కొట్టు. అక్కడ దేవతలూ ఉండరు, దయ్యాలూ ఉండవు, ఉన్నదల్లా దుమ్మే. సూదత్త ప్రాణం ఉసూరుమంది. అయినా తలూపి వచ్చేసింది.

ఇక్కడో సంగతి చెప్పాలి. సూదత్తది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు ఆ చేత్తో పలక మీద రాస్తే వాళ్లమ్మ వేళ్ల మీద ఒక్కటిచ్చేది. పదిహేనేళ్ల కిందట బాగా అరిగిన వెండి నాణెం ఒకటి ఆవిడ బల్ల మీదికొచ్చింది. నిలబడ్డ దేవత, కుడిచెయ్యి అరిగి మాయమైంది, ఎడమచేతి కింద ఏటవాలుగా ఒక గీత. చుక్కానే! మరి చుక్కానమ్మలందరూ కుడిచేత్తో కదా పట్టుకుంటారు? ఒక్క క్షణం ఆగింది. మరుక్షణం ఉబ్బితబ్బిబ్బైపోయింది. "ఓసి నీ దుంపతెగ! నువ్వూ నా బాపతేనా!" అంది నాణెంతో. అలాంటిది ఏ పుస్తకంలోనూ దొరక్కపోయినా, పాత ఆఫీసరు ఆవిడ మాట మీదే కార్డు రాసేశాడు. అప్పట్నుంచీ రోజూ పనిలోకి రాగానే పుర్రచేతి అమ్మవారిని ఓసారి పలకరించందే సూదత్త సూదిలో దారం ఎక్కించదు.

కొత్త ప్రదర్శన పోస్టరుకు మేడమ్ ఏరికోరి ఆ నాణేన్నే ఎంచింది. బొమ్మ ప్రెస్సుకు పంపే రోజు వచ్చింది, మధ్యాహ్నానికల్లా వెళ్లాలి.

ఆ పొద్దున ఇంట్లో సూదత్త నోట్లో గుండుసూదులు పట్టుకుని ఏదో కుడుతోంది. కోడలు కొత్త పొడుగు గౌనుతో మెట్లు దిగుతోంది.

"అంచు మడిచి కుట్టమని మొన్ననగా చెప్పానత్తయ్యా! చూడండి, కాళ్లకు అడ్డం పడి చస్తున్నాను!" అంటూ ఎడమచేత్తో గౌను పైకెత్తి పట్టుకుంది.

సూదత్త చూసింది. మోకాలి దగ్గర్నుంచి మడతలన్నీ ఆ పిడికిలి వైపే పోతున్నాయి. పిడికిలి కింద గుడ్డ ఏటవాలుగా వేలాడుతోంది. నోట్లో సూదులు జలజలా రాలిపడ్డాయి.

"అమ్మ బాబోయ్! అది చుక్కాని కాదే, గౌను!"

"గౌను కాక మరేంటత్తయ్యా? పొద్దున్నే ఏమైంది మీకు?"

బస్సులో దారి పొడుగునా తనతో తానే తగువులాడింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, తన కుర్చీ తనకుంటుంది. చెబితే పరదాల కొట్టే గతి. కానీ మనల్ని ఇంకొకరి పేరు పెట్టి పిలిస్తేనే ఒళ్లు మండిపోతుందే, ఊళ్లో గోడలన్నిటికీ తప్పుడు పేరుతో అంటిస్తే ఆ తల్లికి మండదూ? అన్నిటికన్నా, ఆవిడ తన బాపతు కాదని తెలిసి సూదత్తకు ఏడుపొచ్చినంత పనైంది.

వెళ్లీ వెళ్లగానే మేడమ్ ముందు నిలబడింది. "తప్పు చేశానండీ. అది చుక్కాని కాదు" అని, చంకలో ఉన్న మఖమల్ గుడ్డ నడుముకు చుట్టుకుని, ఎడమచేత్తో ఎత్తిపట్టి గదిలో నాలుగడుగులు నడిచింది. గుమ్మంలో జవాను నోరెళ్లబెట్టాడు.

మేడమ్ దీపాన్ని పక్కకు వంచి, నాణెం మీద ఏటవాలుగా వెలుగు పడేలా పెట్టి, భూతద్దంలో చాలాసేపు చూసింది.

"మడతలు మీరన్నట్టే ఉన్నాయి. ఇటు అరిగిన కుడిచేతి దగ్గర చూడండి, సన్నగా... పూరేకు! పువ్వు పట్టుకుని, గౌను అంచు ఎత్తి, ముందుకు అడుగేస్తోంది. ఈవిడ ఆశాదేవత." వెంటనే ప్రెస్సుకు ఫోన్ చేసి పని మొదలుపెట్టొద్దని చెప్పింది.

"ఇక పరదాల గది తాళం ఇప్పించండి" అంది సూదత్త.

అప్పుడు నవ్వింది మేడమ్. దరఖాస్తు లేకుండానే, పకపకా.

"ఎడమచేతి చుక్కాని ఏ పుస్తకంలోనూ లేదని నాకు తెలీదనుకున్నారా? తెలిసీ ఎందుకు ఎంచానో చెప్పనా? చిన్నప్పుడు నాదీ పుర్రచెయ్యే. బళ్లో స్కేలుతో కొట్టి మాన్పించారు. ఒక దేవతైనా దొరికిందని సంబరపడి కళ్లు మూసుకున్నా. ఇద్దరం కలిసి చేసిన తప్పుకి ఇద్దరం పరదాల గదికి పోతే ఇక్కడ పనెవరు చేస్తారు? కూర్చోండి."

కొత్త కార్డు తీసింది. కలం కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకుని, బడిపిల్లలా నాలుక బయటపెట్టి మరీ రాసింది: "ఆశ. కుడిచేతిలో పువ్వు, ఎడమచేతిలో గౌను అంచు. గుర్తించినది: సూదత్త."

అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి. టైపు చేయిస్తానంది మేడమ్. సూదత్త ససేమిరా అంది. ఆ నాణెం పక్కన ఇప్పటికీ ఆ కార్డే ఉంది.