మార్తమ్మ టీచర్ ఇంట్లో ఆరున్నర క్లాసు

నిన్న ఉదయం ఆరు గంటలకు మార్తమ్మ టీచర్ కూతురు ఫోన్ చేశారు.

"యాదగిరన్నా, అమ్మ పోయింది."

"సరే అమ్మా" అన్నాను. పాలు స్టవ్ మీద పెట్టాను. అవి పొంగి మంట ఆరిపోయిన తర్వాత గానీ ఆ మాట నా లోపలికి దిగలేదు.

ఎనభై ఆరేళ్ల మనిషి. మూడు వారాలుగా దవాఖానలోనే ఉన్నారు. అయినా షాక్ షాకే.

నాకు బాధతో పాటు భయం కూడా వేసిందని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. కారణం చివర రాస్తాను.

ఆమెను ఎరగని మిత్రుల కోసం: టీచర్ గవర్నమెంట్ స్కూల్లో రిటైర్ అయ్యాక, నల్గొండలో తన ఇంటి ముందు గదిలో పనిచేసుకునే పెద్దవాళ్లకు సాయంత్రం పూట ఇంగ్లీష్ నేర్పారు. పాతికేళ్ల క్రితం నేను అక్కడికి వెళ్లేనాటికి రైస్ మిల్లులో హమాలీని. నైట్ స్కూల్లో పదో తరగతి చదువుతున్నాను.

మొదటి రోజు ఆమె నన్ను ఇంగ్లీషులో ఏదో అడిగారు. అర్థం కాలేదు. "యెస్ మేడమ్" అన్నాను.

ఇంకొకటి అడిగారు. "యెస్ మేడమ్."

మూడోదానికీ అదే జవాబు.

ఆమె లేచి, నా సంచి తీసుకెళ్లి రోడ్డు మీద పెట్టి వచ్చారు. టిఫిన్ బాక్సు, మిల్లు అంగీ అందులోనే ఉన్నాయి.

"గిదేంది టీచర్!"

"నీకు సదువు వద్దా అంటే యెస్ అంటివి. రేపటి సంది రావా అంటే యెస్ అంటివి. సంచి బయట పెట్టాల్నా అంటే దానికీ యెస్ అంటివి. నేనేం చెయ్యాలె కొడుకా?"

క్లాసంతా నవ్వింది. నాకు రోషం ఎక్కువ. వెళ్లిపోవడానికి లేచాను.

"కూసో. మా బాపు గూడ గిట్లనే అన్నడు" అన్నారామె.

కూర్చున్నాను.

పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటి ఏడు. ఆలేరు దగ్గర వాళ్ల పల్లె. అప్పటికి టీచర్‌కు పదేళ్లు. తండ్రి దొర దగ్గర జీతగాడు. నిజాం రాజ్యం పోయింది గానీ, సంఘం వాళ్లను, అంటే కమ్యూనిస్టులను వెతుకుతూ మిలిటరీ లారీలు ఊళ్లు తిరుగుతున్నాయి. పట్నం చూసి వచ్చిన ఒకాయన ఊరందరికీ రెండు ఇంగ్లీష్ ముక్కలు నేర్పాడట.

"ఏమడిగినా యెస్ సార్ అనుండ్రి. ఇడిచిపెడ్తరు."

లారీ వచ్చింది. తెలుగు, ఉర్దూ రెండూ రాని ఆఫీసర్ ఆ తండ్రిని ఇంగ్లీషులో మూడు ప్రశ్నలు అడిగాడు. సంఘం వాళ్లు నీ ఇంటికి వస్తారా? అన్నం పెడతావా? తుపాకులు దాచావా?

జీవితంలో తుపాకీ ముట్టని మనిషి, చేతులు కట్టుకొని మూడుసార్లూ "యెస్ సార్" అన్నాడు.

లారీ ఎక్కించుకుపోయారు. ఏడాదిన్నర తర్వాత తిరిగొచ్చాడు. కుడి చెయ్యి పైకి లేచేది కాదు.

ఇంగ్లీష్ తెలియదని ఎందుకు చెప్పలేదని టీచర్ ఆయన్ను అడిగారట.

"తెల్వదంటే ఎదురుమాట్లాడినట్టయితదనుకున్న బిడ్డా."

ఇదంతా చెప్పి టీచర్ మా అందరి వైపు చూశారు. "నేర్పినాయన మంచోడే. గని సగమే నేర్పిండు. సగం నేర్పుడు శానా ఖతర్నాక్."

అందుకే ఆ ఇంట్లో మొదటి పాఠం ఒకటే ఉండేది. "నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అని ఇంగ్లీషులో అనాలి. అది వచ్చాకే ఏబీసీడీలు.

చిన్న వాక్యమే కదా అనిపించవచ్చు. పొద్దంతా మూటలు మోసి వచ్చిన మనిషికి స్పెల్లింగ్ నేర్పవచ్చు. పెద్దవాళ్ల ఎదుట నిలబెట్టి అర్థం కాలేదని చెప్పించడం కష్టం. ఆ వాక్యం నాకు నోటికి రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఒక ఆఫీసర్ ముందు దాన్ని పలకడానికి రెండేళ్లు పట్టింది.

కోతలప్పుడు సగం మంది కనిపించేవారు కాదు. తిరిగొచ్చాక ఆమె మళ్లీ మొదటి నుంచి చెప్పేవారు. విసుక్కునేవారు కూడా, అబద్ధం రాయను. చాక్‌పీసులు విసిరేవారు.

కానీ ఒక సాయంత్రం, దవాఖానలో ఆయాగా పనిచేసే లక్ష్మమ్మ పరుగున వచ్చి, "పెద్ద డాక్టర్‌తోని మూడుసార్లు మళ్ల చెప్పిచ్చిన టీచర్!" అంది.

"మూడుసార్లా! ఏమన్నడే?"

"గుర్రుమన్నడు. గని చెప్పిండు."

ఆ రోజు టీచర్ పాఠం ఆపి అందరికీ చాయ్ పెట్టారు. ఆమె ముఖం అంత వెలగడం నేను మళ్లీ చూడలేదు.

ఇక నా భయం సంగతి.

పోయిన వారం టీచర్ బెడ్ మీద నుంచే నాతో అన్నారు: "ఇగ క్లాసు నువ్వు చెప్పు."

"టీచర్, నేను నైట్ స్కూల్ వాణ్ణి. ఇప్పుడు డిగ్రీ పిల్లలు కూడా వస్తున్నారు. నవ్వుతారు."

"నవ్వనియ్యి. నవ్వినోళ్లు మళ్ల వస్తరు. సిగ్గుపడ్డోళ్లే రారు."

నేను "చూద్దాం" అన్నాను. ఆమె అటు తిరిగి పడుకున్నారు.

మా మధ్య ఆఖరి మాట అదే. ఇంత చదివించిన మనిషికి నేను ఇచ్చిన జవాబు "చూద్దాం".

నిన్న సాయంత్రం సమాధి దగ్గర నుంచి అందరం ఆమె ఇంటికి వచ్చాం. స్టూడెంట్లు ఎవరూ ఇళ్లకు వెళ్లలేదు. ముందు గదిలో ఎవరి జాగాలో వాళ్లు కూర్చున్నారు. టీచర్ కూతురు నా చేతిలో చాక్‌పీసు పెట్టారు.

"అమ్మ ఉంటే ఈ పూట బంద్ పెట్టనిచ్చేదా అన్నా?"

బోర్డు ముందు నిలబడ్డాను. గబగబా ఏదో చెప్పుకుంటూ పోయాను. వెనక నుంచి ఆటో నడిపే సలీం అడ్డం వచ్చాడు.

"సార్, జర మెల్లగ. మేమేం కాలేజోళ్లం కాదు."

"నేనూ కాదు. నైట్ స్కూల్."

"గట్లనా! మరి గింతసేపు ఉత్తగనే భయపడితిమి గద సార్!"

ఏడ్చి వాచిన కళ్లతోనే అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. బోర్డు తుడిచి, మొదటి నుంచి మొదలుపెట్టాను.

ఈ రోజు సాయంత్రం ఆరున్నరకు క్లాసు ఉంది. సంతాప సభ కాదు, క్లాసు. రేపు కూడా ఉంటుంది. చెప్పేది నేనే.

వెళ్లి రండి టీచర్. ఇన్నేళ్లు మా కోసం అరిచిన ఆ గొంతుకు, మీరు నమ్మిన ప్రభువు దగ్గర ఇక నెమ్మది దొరకాలి.