మిగిలిన గుడ్డ ఎవరిది

నరసరావుపేటలో మా నాన్నకి దుకాణం ఉండేది కాదు, అరుగు ఉండేది. అదీ మాది కాదు, ఒక బట్టల షావుకారుది. ఆ రోజుల్లో బట్టల కొట్టు ముందు ఒక దర్జీ మిషను వేసుకుని కూర్చోవడం మామూలే. కొట్లో గుడ్డ చింపించుకున్నవాళ్ళు బయటికొచ్చి కొలతలిచ్చి పోయేవారు. అద్దె లేదు, అగ్రిమెంటు లేదు. షావుకారుకి మనసున్నన్నాళ్ళు అరుగు మాది. ఇంటిల్లిపాది తిండీ దాని మీదే.

మా ఇంట్లో బట్టలు కొనడమనేది లేదు. కుట్టగా మిగిలిన ముక్క దర్జీది, అంతే. ఆ సంగతి ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ అడగనూ లేదు. జాకెట్టు గుడ్డలో జానెడు మిగిలితే అది నా గౌనులో చేరేది. కాస్త ఎక్కువ మిగిలేలా కత్తెర తిప్పడం కూడా పనితనమే. బడిలో నన్ను బొంత అని పిలిచేవారు. పిలిస్తే పిలిచారు, చిరుగు లేని గౌను ఉన్నది నాకొక్కదానికే.

ఎనభైల మధ్యలో మా అన్న తొమ్మిదో తరగతి. బడి వదిలాక అరుగు మీద కూర్చుని కాజాలు కుట్టేవాడు. ఆ ఏడు కోటప్పకొండ తిరణాలకి స్నేహితులందరూ కొత్త ప్యాంట్లు కుట్టించుకుంటుంటే వీడి ప్రాణం ఊరుకోలేదు. షావుకారు కొట్లో ఓ మూల కట్‌పీసుల గుట్ట ఉండేది. గుడ్డ తాను అమ్ముడుపోగా చివర మిగిలే ముక్కలవి. అందులోంచి ఒక ప్యాంటు గుడ్డ చొక్కాలో దోపుకుని వస్తూ దొరికిపోయాడు. మావాడు చదువులో ఎంత చురుకో దొంగతనంలోనూ అంతే. గుడ్డ సగం బయటికి వేలాడుతోంది.

నేను నాన్నకి అన్నం గిన్నె తెచ్చి కొట్టు గుమ్మంలో నిలబడి ఉన్నాను. గుమాస్తా అన్న రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాడు. షావుకారు కొట్టలేదు, తిట్టలేదు. నాన్నని పిలిచి కూర్చోబెట్టాడు. దసరా నుంచీ కట్‌పీసులు చాలా పోతున్నాయట. దొరికింది వీడొక్కడే గనక అవన్నీ వీడి లెక్కలోకే వస్తాయట. మైనరు పిల్లాణ్ణి స్టేషనుకి పంపడం తనకిష్టం లేదు, తండ్రి కట్టుకుంటే ఇంతటితో సరి అన్నాడు. అన్న ఈ ఒక్కటే తీశానని ఒట్టు పెట్టాడు. గుమాస్తా నేలచూపులు చూస్తున్నాడు. ఆ చూపులు నాకే అర్థమయ్యాయి, నాన్నకి కాకుండా ఉంటాయా.

నాన్న బేరమాడతాడనుకున్నాను. ఆడలేదు.

"పిల్లోడు చేసింది నేను చేసినట్టే గదా షావుకారూ. మొత్తం నా కూలిలో కోసుకోండి" అన్నాడు.

కొట్టు తరఫున వచ్చే ఆర్డర్లన్నీ ఆ బాకీ తీరేదాకా ఊరికే కుట్టిచ్చేలా ఒప్పుకుని లేచాడు. నాకు ఒళ్ళు మండింది. తీయనిదానికి కట్టడం పెద్దమనిషితనం ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంటికొచ్చాక నాన్న చెయ్యెత్తాడు. ఎందుకు తీశావని అడిగాడు. అన్న ఎదురు తిరగలేదు, నిజంగానే తెలియనివాడిలా చూశాడు.

"మిగిలిన ముక్కే గదా నాన్నా. మనింట్లో బట్టలన్నీ అయ్యే గదా" అన్నాడు.

నాన్న చెయ్యి దించేశాడు. చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి, మిగిలిన ప్రతి ముక్కా మడిచి కుట్టిన బట్టలతో పాటే ఇచ్చేయడం మొదలుపెట్టాడు. జనం మెచ్చుకుంటారనుకున్నాం. ముందు సంతోషించారు, తర్వాత ఆలోచనలో పడ్డారు. ఏళ్ళ తరబడి నాన్న దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటున్న ఒక టీచరమ్మ, ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏంది సాయిబూ, ఇన్నాళ్ళూ ఇట్టా మిగుల్తానే ఉందా?"

ఈ గుడ్డకి వెడల్పు ఎక్కువండీ అని అన్న అందుకోబోయాడు. నాన్న వాణ్ణి ఆగమన్నాడు.

"మిగిలేదమ్మా. మేమే వాడుకున్నాం."

ఆమె గొడవ పడలేదు. తర్వాతి జాకెట్టు మాత్రం రైలు స్టేషను దగ్గర దర్జీకిచ్చింది. మెల్లగా మిగతావాళ్ళూ అటే పోయారు. అన్నాళ్ళూ నాన్న దగ్గర ఏమీ మిగలదనుకున్నారు, అందుకే నమ్మారు. ముక్కలివ్వడం మానెయ్యమని షావుకారు కూడా చెప్పి చూశాడు. నాన్న వినలేదు. బాకీ తీరీ తీరగానే, బేరాలు కొట్టు ముందు ఆగడం లేదని షావుకారు అరుగుని ఆ స్టేషను దర్జీకే ఇచ్చేశాడు. రంజాను నెల, దర్జీకి ఊపిరి సలపని నెల. మా మిషను రిక్షా ఎక్కి ఇంటికొచ్చింది.

అమ్మ ఊరుకోలేదు. కట్టాల్సిందంతా కట్టేశావు గదా, ఇంకా ఎవరికి కడుతున్నావని నిలదీసింది. నాన్న మిషను బెల్టు సరిచేసుకుంటున్నాడు.

"వాడు తీసిందానికి షావుకారికి కట్టా. నేను నేర్పిందానికి ఎవురికి కట్టాలో తెలవట్లా" అన్నాడు.

అమ్మ వంగి బెల్టు రెండో కొస పట్టుకుంది. నాకు మాత్రం కోపం పోలేదు. మా అందరి నోటి దగ్గర కూడు తీసి కట్టిన బాకీ అది.

ఆ పండక్కి మా ఇంట్లో ఎవరికీ కొత్త బట్టల్లేవు. అన్న బడి యూనిఫామే ఉతుక్కుని, ఇస్త్రీ చేసుకుని ఈద్గాకి బయల్దేరాడు. ఎవరి కంటా పడకుండా సందుల్లోంచి పోదామన్నాడు. నాన్న వాడి భుజం మీద చెయ్యేసి, బట్టల కొట్ల బజారులోంచే నడిపించుకుని వెళ్ళాడు.