స్కానర్‌లో నల్లబడిన హంస

2023 ఆగస్టు 16, బుధవారం, ఉదయం పదిన్నరకు నాగప్ప ధర్మవరంలోని మా ఇంటికి ఒక పట్టుచీర తెచ్చాడు. ఆయన పెనుకొండలో మగ్గం నేస్తాడు. చీర అంచున జరీ హంసల వరుస ఉంది. ఆ డిజైన్ గీసిందీ, నేసిందీ వాళ్ల నాయనే. గీసిన కాగితాలను ఎప్పుడో చెదలు తినేశాయి. చూపు పూర్తిగా మందగించేలోపు ఆ అంచును ఒక్కసారి తన చేత్తో నేయాలని నాగప్ప కోరిక.

నేను ముప్పై ఎనిమిదేళ్లు చీరల డిజైన్లు గ్రాఫ్ కాగితం మీద గీశాను. ఒక గడి ఒక పోగుకు లెక్క. ఆ గడులను చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. మగ్గం మీది జకార్డు అనే యంత్రం ఆ రంధ్రాలను బట్టి పోగులను లేపుతుంది. ఈ పని కంప్యూటర్లకు మారాక నా కాగితాలను అడిగేవాళ్లు లేకపోయారు. అరవై ఆరో ఏట హిందూపురంలో పాత కంప్యూటర్, స్కానర్ కొని, ఫోనులో వీడియోలు ఆపి ఆపి చూస్తూ నేర్చుకున్నాను. కంప్యూటర్ బొమ్మ కూడా గడులేనని, ఆ గడిని పిక్సెల్ అంటారని తెలిసిన రోజు, ఇది నా పనేననుకున్నాను.

చీర అంచులో ఒక రిపీట్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే డిజైన్‌లో ఒక పూర్తి భాగం, స్కానర్ మీద పరిచాను. తెర మీద చిన్నగా హంస ఆకారం కనబడగానే నాగప్ప కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మా నాయన హంసే అక్కా! టీవీలో పడినట్ల ఉండాది."

"చీర ఈడ పెట్టిపో అప్పా. పోగులు లెక్కపెట్టల్ల."

"నీ మరదలు ఒప్పుకోదు. దాని పెండ్లి చీర ఇది. రాత్రికి బయట పెడితే నన్నూ బయటే పండుకోమంటాది."

"అట్లయితే జాగ్రత్త. మళ్లీ తేవల్ల."

"రిపీట్ దొరికినాక చీరతో ఏం పనక్కా? ఒక రిపీట్‌తోనే కదా చీరంతా నేస్తాండేది!"

మరునాడు బొమ్మను పెద్దది చేశాను. హంస చుట్టూ గీత ఉంది. లోపలంతా నలుపు. జరీ స్కానర్ వెలుతురును పక్కకు తోసేస్తుంది. అందుకే జరీ ఉన్నచోటల్లా నల్లగా పడుతుంది. నేను చూసిన ఏ వీడియోలోనూ ఈ సంగతి చెప్పలేదు. చీకటి బొమ్మను వెలుగు చేయడానికి లెవెల్స్ అనే సాధనం ఉంది. వాడాను. నలుపు బూడిదరంగైంది, అంతే. రెక్కల్లో ఏ పోగు పైకి వచ్చిందో, ఏది కిందికి పోయిందో తెలియాలంటే చీరను తిరగేసి, భూతద్దం పెట్టి లెక్కపెట్టాల్సిందే.

ఫోన్ చేశాను. "చీర తీసుకొని రాప్పా."

"యాడిది అక్కా చీర? పాత పట్టుచీరలు కొనేటోడు పొద్దున వీధిలోకొచ్చినాడు. మడతల్లో చినిగిపోయుండె, ఇచ్చేసినాం. అదే చీర మళ్లీ నేసిస్తానంటే నీ మరదలు కూడా సరే అనింది. ఆ దుడ్లతోనే కొత్తదానికి జరీ తెచ్చినా."

అలా కొన్న చీరలను కాల్చి, జరీలోని వెండిని తీస్తారు. ఆ మనిషి హిందూపురంలో అమ్ముతాడని తెలిసి మరునాడే ఇద్దరం వెళ్లాం. మూడో అంగడిలో, హంసల అంచు చీర నిన్న సాయంత్రం వచ్చిందన్నారు.

"కాల్చేసినాం అమ్మా. బూడిద చూస్తారా?" అన్నాడు అంగడాయన. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. నాగప్ప చూస్తానన్నాడు. చూశాడు.

దసరా దాకా ఆ రెక్కలను ఊహించి గీశాను. ఏడు రకాలుగా గీశాను. ఏడోదాన్ని నాగప్ప దగ్గరికి వంగి చూశాడు.

"బాగుండాది అక్కా. కానీ మా నాయన హంస నిలబడి ఉంటాది. ఇది ఎగరబోతాంది."

"దాని రెక్క ఎట్లుండేదో చెప్పు, మారుస్తా."

"నేసింటే చేతికి తెలుస్తుండె. నేను చూసినానే గానీ నేయలేదు కదా."

తెచ్చిన జరీని ఆయన మామూలు అంచుకు వాడేశాడు. ఇప్పుడు ఆయనకు పోగు కనబడదు. మగ్గం ఎక్కడం లేదు.

ఇప్పుడు ఎవరు చీర తెచ్చినా ముందు తిరగేసి పోగులు లెక్కపెడతాను, ఆ తర్వాతే స్కానర్ తెరుస్తాను. తెచ్చేవాళ్లే లేరు.

పోయినవి ఇవి: ఒక పెండ్లి చీర. స్కానర్ మీదికి రాని కొంగు. హంస రెక్కల లోపలి నేత మొత్తం. నాగప్ప నేయాలనుకున్న ఒక్క అంచు.