దేవయ్య కళ్ళ మీది తడి దూది

శారమ్మ తన మగని కళ్ళు తెల్లోళ్ళకు అమ్ముకుందని మా రుద్రూరు వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. పెట్టెను జీపులో ఎక్కించడం కళ్ళారా చూశామనేవాళ్ళూ ఉన్నారు.

నేను వాళ్ళ పక్కింటిదాన్ని. ఏడో తరగతితో బడి ఆగిపోయాక శారమ్మ పెద్దమ్మ అరుగు మీదే బీడీలు చుట్టడం నేర్చుకున్నాను.

ఆమె భర్త దేవయ్య చెరుకు నరికే కూలీ. ఒకసారి చెరుకు ఆకు అంచు అతని ఎడమ కంటిని కోసింది. ఎవరో చెబితే పసరు పోశారు. పుండై, కంట్లో తెల్లటి పువ్వు పడింది. విదేశీ దాతల సాయంతో నడిచే కంటి ఆస్పత్రివాళ్ళు బోధన్‌లో శిబిరం పెట్టినప్పుడు చూసి, హైదరాబాదు తీసుకుపోయారు. శ్రీలంకలో చనిపోయిన ఎవరిదో కంటిపొర విమానంలో తెప్పించి కుట్టారు. దేవయ్యకు మళ్ళీ చూపు వచ్చింది.

బండి తోలే లింబయ్య అతన్ని ఊరికే వదిలేవాడు కాదు.

"ఏం దేవన్నా, నీ లంక కన్నుకు ఏం కనబడ్తున్నదే? రావణుడా?"

"నువ్వు సంచిల దాసిన కల్లు సీస కనబడ్తున్నది. తియ్యిరా బయటికి!"

అందరూ నవ్వేవాళ్ళు. ఇంటికొచ్చాక మాత్రం దేవయ్య పెద్దమ్మతో అనేవాడు: "గా లంకాయన మనకు ఏమైతడని ఇచ్చిండే? నేను పోతే నా కండ్లు గూడ ఇయ్యాలె. మర్సిపోకు."

"పొద్దుగాల్నే సావు ముచ్చట్లా? తిను ముందు," అని ఆమె కసురుకునేది.

తొంభై ఏడు జనవరిలో, చెరుకు నరుకుడు జోరుగా సాగుతున్నప్పుడు, పొద్దున్నే చేనులో గుండె ఆగి దేవయ్య పడిపోయాడు. పెద్దమ్మ ఏడుస్తూనే ఆస్పత్రి ఫోను నంబరు నా చేతిలో పెట్టింది. నేను అంతకుముందు ఎన్నడూ ఫోను పట్టుకోలేదు. ఎస్టీడీ బూత్‌లో సంగతి చెప్పాను.

"నిజామాబాదు నుంచి జీపు పంపుతాం. ఆరు గంటల్లోపు తీసుకోవాలి. అందాకా రెప్పలు మూసి తడి దూది పెట్టండమ్మా, ఎండనివ్వకండి," అంది నర్సు.

నేనే దూది తడుపుతూ కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక ముప్కాల్ నుంచి దేవయ్య అన్న హనోకు వచ్చాడు. తమ్ముని ముఖం చూడబోయి వెనక్కి తగ్గాడు.

"కండ్లు తీసేసిండ్రా?"

"ఇంక రాలే బావా. జర ఆగుండ్రి. ఆయన అడిగిన మాట," అంది పెద్దమ్మ.

"తియ్యకుంటే దూదెందుకు? నా తమ్ముని మొకం ఖరాబు జేయించి అబద్ధాలాడ్తున్నవా?"

పెద్దమ్మ దూది ఎత్తి చూపబోయింది. కింద గుంటలు ఉంటాయని భయపడి ఆడవాళ్ళు ఆమె చేతులు పట్టేసుకున్నారు. మరెవరికీ ఎత్తడానికి చెయ్యి రాలేదు.

జీపు రాలేదు. చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు బోధన్ దారంతా నిండిపోయి దాన్ని కదలనివ్వలేదని తర్వాత తెలిసింది. పొద్దు వాలుతోందని హనోకు తొందరపెట్టాడు. ప్రార్థన అయింది. గోతిలోకి దించారు. పెద్దమ్మ మాటిమాటికీ రోడ్డు వైపే చూసింది.

మట్టి కప్పాక జీపు వచ్చింది. ఐసు పెట్టెతో దిగిన ఇద్దరూ ఆ కొత్త మట్టిని చూసి అక్కడే నిలబడిపోయారు.

"దూరంకెల్లి వచ్చిండ్రు బిడ్డా," అని పెద్దమ్మ వాళ్ళకు నీళ్ళిచ్చింది.

తర్వాత బీడీల దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. ఒకరోజు ఉండబట్టలేక నేను నోరు తెరవబోతే పెద్దమ్మ నా మోకాలు నొక్కింది. అందరూ లేచిపోయాక మెల్లగా అంది:

"ఉండనియ్ బిడ్డా. గట్లనన్న ఆయన ఇచ్చి పోయిండనుకుంటరు."

కత్తెర తీసుకుంది గానీ ఆ సాయంత్రం ఒక్క ఆకూ కోయలేకపోయింది.

ఇప్పుడు పెద్దమ్మ కూడా లేదు. ఆ రోజు పెట్టె ఖాళీగానే తిరిగి వెళ్ళింది. దేవయ్యను రెండు కళ్ళతోనే పూడ్చారు.