యిర్మియా కడ్డీలు, పది తట్టలు

గోదావరిఖని కాలనీల్లో నేల కింద నీళ్ల పైపు పగిలి, ఎక్కడ పగిలిందో తెలియకపోతే కబురు యిర్మియాకు వెళ్లేది. బొగ్గుగనుల కంపెనీ నీటి సరఫరా విభాగంలో ముప్పై ఏడేళ్లు ఫిట్టరుగా చేసి 2016లో పదవీ విరమణ పొందారు. ఇప్పుడు అరవై తొమ్మిదేళ్లు. డ్యూటీ ఆగింది గానీ కబుర్లు ఆగలేదు.

ఆయన పనిముట్టు రెండు వెల్డింగు కడ్డీలు. పైపూత గీకేసి, మూలమట్టంలా వంచి, పొట్టి కొసలను ఖాళీ పెన్ను గొట్టాల్లో దూర్చారు. గొట్టాలను పిడికిళ్లలో పట్టుకుని నడిస్తే కడ్డీలు ముందుకు చూస్తుంటాయి. కింద నీళ్లుంటే రెండూ తిరిగి కత్తెరలా పడతాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మేస్త్రి ఎల్లన్న నేర్పిన విద్య అది. యిర్మియా దాన్ని మనసారా నమ్మారు. తప్పిన రోజు తనకు గుర్తులేదనేవారు. భార్య సత్యవతి మాత్రం, "భూమి కిందున్న పైపు దొరుకుతది, మంచం కిందున్న చెప్పులు దొరకయి" అనేది.

మొన్న జూలైలో కాలనీ బడికి మూడు రోజులు నీళ్లు రాలేదు. వంట చేసే అనసూర్య రోడ్డవతలి నుంచి బిందెలు మోసుకొచ్చి పిల్లలకు అన్నం వండింది. వానలకు ఆటస్థలమంతా తడిగా ఉంది, ఊట ఎక్కడిదో కంటికి తెలియదు. ఇప్పటి ఫిట్టరు అంజి ట్యాంకు నుంచి బడి నల్లా దాకా సూటిగా తాడు పట్టి రెండు గోతులు తవ్వాడు. రెండింట్లోనూ నల్లరేగడి తప్ప ఏమీ లేదు. నాలుగో రోజు పొద్దున్నే యిర్మియా ఇంటికొచ్చాడు.

"కాకా, జర కడ్డీలు పట్టుకొని రా. ఇంకో బొంద తవ్వితె పెద్ద సారు నన్నే అండ్ల పూడ్సిపెడ్తడు."

యిర్మియా కూతురు రెజీనా అదే బడిలో భౌతికశాస్త్రం చెబుతుంది. తాతకు నీళ్లు ఎట్లా తెలుస్తాయని ఎనిమిదో తరగతి హర్షిణి అడిగినప్పుడు, ఒకరోజు పరీక్షించి చూద్దామంది. ఇదే సమయమనుకుంది.

"బాపు, ముందుగాల పిల్లల ముందర ఒక పరీక్ష పెడుదాం. పది తట్టలు బోర్లిస్తం. ఒక్కదాని కింద నీళ్ల డబ్బా. పదిసార్లు వెతుకు."

"పదిసార్లెందుకు బిడ్డా? ఒక్కసారి సాలదా?"

"ఒక్కసారంటె గుడ్డిగ చెప్పినా తగులుతది."

సత్యవతికి నచ్చలేదు. "నీ బాపు పేరు నీ చేతుల్తోనే తీస్తవా?"

"పేరుకేమైతది, పెట్టనియ్యి" అన్నారు యిర్మియా. ఆయనకున్న ఆస్తి ఆ పేరే. దానికి భయపడాల్సిన పని ఉందని ఆ పొద్దు ఆయనకు తోచలేదు.

బడి వరండాలో మొదట డబ్బా ఏ తట్ట కింద పెడుతున్నారో అందరికీ కనబడేలా చేశారు. పదిసార్లకు పదిసార్లూ కడ్డీలు అక్కడే కత్తెర పడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ గదిలో బ్లాకుబోర్డు వైపు తిరిగి నిలబడితే, హెడ్మాస్టరు రఘుపతి ఒక్కరే వరండాలో డబ్బా దాచి, తానూ గోడ వెనక్కి వెళ్లారు. తెలిసినవాళ్ల ముఖం చూసి పసిగట్టే వీలు లేకుండా రెజీనా చేసిన ఏర్పాటు.

ఒకటోసారి తప్పింది. రెండోసారి దొరికింది. మూడు, నాలుగు, ఐదు తప్పాయి. ఏడోసారికి యిర్మియా చెప్పులు విప్పి నడిచారు. అదీ తప్పింది. హర్షిణి బోర్డు మీద గీతలు గీస్తూ చివరికి వచ్చేసరికి చాక్‌పీసును నెమ్మదిగా కదిపింది. పదింటికి ఒకటి. కళ్లు మూసుకుని వేలు చూపినా దాదాపు అంతే వస్తుంది.

"కడ్డీ తిరిగింది బిడ్డా. నేను తిప్పలె" అన్నారు యిర్మియా.

"నువ్వు తిప్పలె బాపు. ఈడున్నదని మనసుల అనుకుంటె మణికట్టు ఎంటికంత వంగుతది. పట్టుకున్నోళ్లకు తెల్వదు. గొట్టంల ఆడే కడ్డీకి గంతే సాలు."

"మరి ఇన్నేండ్ల సంది దొరికిన పైపులు?"

"అది నాకు తెల్వదు" అంది రెజీనా.

యిర్మియా బోర్డు దగ్గరికి వెళ్లారు. "పదికి ఒకటి అని పెద్దగ రాయి బిడ్డా, ఎనక కూసున్నోళ్లకు గూడ కనవడాలె" అని హర్షిణికి చెప్పి, కడ్డీలు బల్ల మీద పెట్టి ఆటస్థలంలోకి నడిచారు. అంజి వెనకాలే పరుగెత్తాడు.

"కాకా, కడ్డీలు మర్సిపోయినవ్."

"మర్సిపోలె. గడ్డపార తే."

అంజి పట్టిన తాడు దగ్గర యిర్మియా ఆగలేదు. పద్దెనిమిది అడుగులు ఎడమకు జరిగారు. అక్కడ ఒకప్పుడు చింతచెట్టు ఉండేది. 1991లో యిర్మియా వాళ్లు ఈ లైను వేసినప్పుడు వేళ్లకు దూరంగా పైపును చుట్టు తిప్పి తెచ్చారు. చెట్టు పోయింది, వంపు నేల కిందే ఉంది. తాడు పట్టినవాడికి అది తెలిసే దారి లేదు.

ఆయన గొంతుక్కూర్చుని ఒక చీమల పుట్టను వేలితో కదిపారు. నల్లరేగడి మధ్య తెల్లటి ఇసుక రవ్వలు మెరిశాయి.

"రేగడి ఎండితె పగుల్తది, తడిస్తె ఉబ్బుతది. పైపు ఇరుగుతదని సుట్టూ గోదావరి ఇసుక పోసెటోళ్లం. బొగ్గు తీసినంక బాయిల నింపెటందుకు తెచ్చిన ఇసుకే, మనకేం కరువు? సీమలు కిందికెల్లి గదే తెస్తున్నయ్."

తెల్ల ఇసుక ఉన్న పుట్టలను ఒక్కొక్కటే చూసుకుంటూ వంపు వెంట కదిలారు. నాలుగు చోట్ల గడ్డపారను నేలలోకి దింపి, దాని పైకొసకు చెవి ఆనించారు. నాలుగోచోట చాలాసేపు లేవలేదు. అంజిని పిలిచి వినమన్నారు.

"ఈల ఏసినట్టున్నది కాకా."

"తవ్వు."

మూడడుగుల లోతులో ఇసుక తగిలింది. ఇంకాస్త లోతులో వంపు దగ్గరి అతుకు నుంచి నీళ్లు చిమ్ముతున్నాయి. గోతి చుట్టూ చేరిన పిల్లల వెనక నుంచి రెజీనా తొంగి చూసింది. యిర్మియా చేతుల మట్టి దులుపుకుంటూ ఆమెతో అన్నారు.

"బిడ్డా, ఇందాక అడిగిన గదా, ఇన్నేండ్లు ఎట్ల దొరికినయని. కడ్డీలు ఏడ తీసేటోన్నో ఇప్పుడు యాదికొచ్చింది. గిసొంటి పుట్ట కనవడ్డకాడనే."

అంజి అతుకు బిగించాక మూడున్నరకు బడి నల్లాకు నీళ్లొచ్చాయి. అనసూర్య మొదటి బిందె నింపుకుంటూ, "నీ కడ్డీలు గట్టియే అన్నా" అంది.

"కడ్డీలు పదిల ఒక్కటే చెప్పినయ్ అనసూర్యా. బోర్డు మీదున్నది, పొయ్యి సూడు."

కడ్డీలు ఇప్పుడు బడి ప్రయోగశాల అద్దాల బీరువాలో ఉన్నాయి. కింద అట్ట మీద హర్షిణి చేతిరాతలో పది గీతలు, తొమ్మిది కొట్టివేతలు. యిర్మియానే అట్లా పెట్టమన్నారు. వారం తిరక్కుండా రామకృష్ణాపూర్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడా లైను పగిలిందట. కడ్డీలు పట్టుకుని రమ్మన్నారు.

"కడ్డీలు రావు, నేనొస్త. ఆ లైను ఏసినోళ్లు ఎవలన్న బతికుంటె పిలిపియ్యిండ్రి" అని చెప్పి, అంజి గడ్డపార అడిగి తీసుకుని బస్టాండుకు బయలుదేరారు.